గిటారుకు వార్నిష్ వేసిన మనిషి

సాయిలు దొంగ కాడన్న సంగతి కనకలక్ష్మికి శనివారం పొద్దున పదకొండుంపావుకు తెలిసింది. అప్పటికి సాయిలు లాకప్పులో పడి పదిహేడు గంటలు దాటింది. పడేయించింది మరెవరో కాదు, ఆవిడే.

ఆవిడేమీ తెలివితక్కువ మనిషి కాదండోయ్. తణుకు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటోంది. మాదాపూర్‌లో టిఫిన్ సెంటరు పైన రెండు గదుల డిటెక్టివ్ ఏజెన్సీ ఆవిడది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేరేవాళ్ళ సర్టిఫికెట్లు అసలువో నకిలీవో తేల్చడం రోజువారీ పని. కాగితం చేతిలోకి తీసుకుంటే చాలు, గుట్టు విప్పేస్తుందని పేరు. అంత పేరున్న మనిషి ఒక పాత గిటారు దగ్గర బొక్కబోర్లా పడింది.

ఆ పొద్దున పదిన్నరకి ఈరమ్మ వచ్చింది. సాయిలు భార్య. పుప్పాలగూడ నుంచి నడిచే వచ్చింది. సకల జనుల సమ్మె ఇరవై ఆరో రోజు కదా, ఊళ్ళో ఆర్టీసీ బస్సు చక్రం కదలడం లేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"అమ్మా, మా ఆయన మీద నువ్వే రాసిచ్చినవట గద?"

"అవును. నాకు కనబడింది రాశాను."

"ఎస్సై సారు సదివి ఇనిపిచ్చిండు. మా ఆయన తెలంగాణ సభలకు పోతడు, గందుకే అపార్టుమెంటోళ్ళ మీద కోపం ఉంటది అని రాసినవట. సభలకు పోతే తప్పా అమ్మా?"

 ఆ వాక్యం కనకలక్ష్మే రాసింది. రిపోర్టు చివర బరువు కోసం పడేసిన వాక్యం. రాస్తున్నప్పుడు చెయ్యి తడబడలేదు. ఇప్పుడు ఈరమ్మ నోట వింటుంటే తల కొట్టేసినట్టయింది.

"రవికిరణ్ సారు మీద మా ఆయనకేం కోపం?" ఈరమ్మ గొంతు పెంచలేదు, అదే ఇంకా బాధ. "సారే మా ఆయన్ను బండి మీద ఎక్కించుకొని తెలంగాణ పాటల ధూంధాంకు తోల్కపోయిండు. స్టేజి మీద పాటలకు గిటారు కొట్టింది సారే. మీ దిక్కోడే గద సారు. గా ముచ్చట నీకు తెల్వదా?"

తెలియదు. అడగలేదు మరి!

"నాలుగింటికి మేజిస్ట్రేటు ఇంటికి తోల్కపోతరట. వకీళ్ళందరు సమ్మెల ఉన్నరు. బెయిలు అడిగేటోడు లేడు. జైలుకు పోతే ఇగ ఎప్పుడొస్తడో..." అని, కొంగుతో మొహం తుడుచుకుని, వచ్చినట్టే వెళ్ళిపోయింది ఈరమ్మ. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

సంగతేమిటంటే, పుప్పాలగూడలో ఒక అపార్టుమెంటు. నాలుగో అంతస్తులో రవికిరణ్, అతని భార్య రసజ్ఞ. సరిగ్గా వాళ్ళ కిందింట్లో రసజ్ఞ తండ్రి రామ్మోహనరావు, రిటైరైన ఇంజనీరు, అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షుడు. గేటు దగ్గర వాచ్‌మన్ సాయిలు. బుధవారం, అంటే ఆయుధపూజ నాడు, సాయంత్రం ఐదుంపావుకి రవికిరణ్ తన ఫ్లాటులో తల వెనక దెబ్బతో నెత్తుటి మడుగులో దొరికాడు. అప్పట్నుంచీ ఆస్పత్రిలో తెలివి లేకుండా ఉన్నాడు. అతను అమ్మకానికి పెట్టిన ఎలక్ట్రిక్ బేస్ గిటారు ఇంట్లో లేదు. మర్నాడే రామ్మోహనరావు కనకలక్ష్మిని పిలిపించాడు. "మన వైపువారు, మీ మీదే భారం" అన్నాడు. శుక్రవారం పొద్దున ఆ గిటారు మూసాపేటలో, సాయిలు బావమరిది నడిపే ఫర్నిచర్ పాలిష్ కొట్లో దొరికింది. గీతలన్నీ పోయి, తళతళలాడే వార్నిష్‌తో, తీగలు కట్టిన చోట పసుపూ కుంకుమా బొట్లతో. గుర్తుపట్టకుండా రంగు వేసేశాడని రాసిపారేసింది ఆవిడ. ఇంకేముంది!

ఈరమ్మ వెళ్ళాక ఆవిడ రవికిరణ్ ఇంటర్నెట్లో పెట్టిన ప్రకటన మొదటిసారి పూర్తిగా చదివింది. చదివి, గిటారు కొనాలనుకున్న బుల్లిబాబుకు ఫోన్ చేసింది. అతనూ గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేరే.

"వార్నిష్ వేశారా? అయ్యబాబోయ్! ఎంత పని చేశారండీ బాబూ!" అతని గొంతులో ఎవరో పోయినంత బాధ.

"అంత గీసుకుపోయిన గిటారు కదండీ. బాగుచేస్తే తప్పేముంది?"

"అది పాతది కాదండి. కొత్త గిటారునే కావాలని రంగు గీకి, ఇనుప బిళ్ళలకి తుప్పు పట్టించి, నలభై ఏళ్ళు వాయించినట్టు తయారుచేస్తారండి. రెలిక్ అంటారు. చిరిగిన జీన్సు ప్యాంటు ఎక్కువ ధర పెట్టి కొనుక్కోవట్లేదా, అలాగన్నమాట. దాని విలువంతా ఆ గీతల్లోనే ఉందండి. నున్నగా చేస్తే నాలాంటోడు ముట్టుకోడు."

కనకలక్ష్మి పెన్ను కింద పెట్టేసింది. దొంగిలించేవాడికి విలువ తెలియాలి. విలువ తెలిసినవాడు గీతల మీద చెయ్యి వెయ్యడు. వార్నిష్ వేశాడంటేనే దాని విలువ తెలియని మనిషి. నిన్న సాయిలు చెప్పింది అదే కదూ! "ఆయుధపూజకు అన్ని బండ్లకు, మోటరుకు బొట్లు పెట్టిన. సారు గిటారుకు గూడ పెడదామని సంచి ఇప్పిన. తుప్పు పట్టి, రంగు లేచిపోయి ఉన్నది. గిట్లుంటే ఎవడు కొంటడు, సారుకు నష్టమైతదని పాపమనిపిచ్చింది. పన్నెండింటికి మా బామ్మర్ది బువ్వ తినొచ్చి మోపెడ్ మీద తీస్కపోయిండు, తెల్లారి తెచ్చిస్తనని." ఆ మాట విని ఆవిడ నవ్వింది. ఊరికే ఎవడైనా పరాయి వస్తువుకు పాలిష్ పెట్టిస్తాడా అని.

"బుల్లిబాబు గారూ, గిటారు మీకెక్కడ ఇస్తానన్నాడు?"

"గేటు దగ్గర సాయిలుకిచ్చాను, దసరా రోజు పొద్దున వచ్చి పట్టుకెళ్ళండి అని మంగళవారం చెప్పారండి. ఇంట్లోంచి అమ్మాలంటే మనసొప్పట్లేదన్నారు. మామగారు అమ్మెయ్యమని పట్టుబట్టారంట. ధూంధాంలో వాయించిన ఫొటో చుట్టాలందరికీ తెలిసి పరువు పోయిందంట. మళ్ళీ బుధవారం రెండున్నరకి ఆయనే ఫోన్ చేసి అమ్మట్లేదండి, ఏమీ అనుకోకండి అన్నారు."

నిన్నే ఈ ఒక్క ఫోను చేసి ఉంటే! నంబరు ప్రకటన కింద వ్యాఖ్యల్లోనే ఉంది.  టైము చూసుకుంది. పదకొండుంపావు.

ఆటోలు సరిగా దొరకని రోజులు. ఒంటిగంటా నలభైకి గానీ ఆవిడ పుప్పాలగూడ చేరలేదు. రామ్మోహనరావే అల్లుడి ఫ్లాటు తాళం తీశాడు. తెల్లటి లుంగీ, చేతిలో సెల్‌ఫోను. మనిషి రెండ్రోజుల్లో వడిలిపోయాడు.

"మళ్ళీ ఎందుకండీ శ్రమ? దొంగ దొరికాడు కదా."

"కోర్టుకి టైములు పక్కాగా కావాలండి. మీరు విన్నది మరోసారి చెప్పండి."

"చెప్పాను కదండీ. సరిగ్గా మూడున్నరకి ఈ గదిలో గిటారు మోగింది. కింద మా కిటికీ అద్దాలు అదిరాయి. ఠక్కున ఆగిపోయింది. మూడూ నలభైకి తలుపు తీస్తే సాయిలు గిటారు సంచి పట్టుకుని మెట్ల మీద పరుగు."

"రవికిరణ్‌కి ఎలా ఉంది?"

"అలాగే ఉన్నాడు. తెలివి రాలేదు." కిటికీ వైపు తిరిగి చెప్పాడు.

ఆవిడ గది మధ్యకు వెళ్ళింది. బేస్ గిటారుకు బోలు పొట్ట ఉండదు. తీగ మీటితే పక్క మనిషికి కూడా సరిగా వినపడదు. దాని శబ్దమంతా గోడవారనున్న ఆంప్లిఫయర్ పెట్టెలోంచే రావాలి. మోకాలెత్తు నల్ల పెట్టె, మూలలకి ఇనుప తొడుగులు. పెట్టె మీద వేలితో రాస్తే వేలికి దుమ్ము అంటింది. ఎడమ ముందు మూల మాత్రం శుభ్రంగా ఉంది. ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టు. ఆవిడ వంగి చూసింది. ఇనుప తొడుగు మడతలో గోధుమరంగు చార. తల మీద ఎవరూ కొట్టలేదు. రవికిరణ్ వెనక్కి పడ్డాడు. ఈ మూల మీద పడ్డాడు.

"ఈ పెట్టె పనిచేస్తుందాండీ?" అంటూ స్విచ్చు వేసింది. ఎర్ర దీపం వెలిగింది.

"చేయకేం! ఏడాదిగా మా ప్రాణాలు తోడేస్తోంది."

"గిటారు అమ్మెయ్యమన్నారట మీరు."

రామ్మోహనరావు మొహం ముడుచుకుంది. "అన్నాను. ఆ గోలలకి వాయించే ఖర్మ మనకేమిటండీ? మా తోడల్లుడు ఫొటో పట్టుకొచ్చి పదిమందిలో చూపించాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మీరైనా చెప్పండి."

 ఆవిడకి రిపోర్టులోని ఆఖరి వాక్యం గుర్తొచ్చింది. ఈయన నోటితో అన్నది ఆవిడ కాగితం మీద పెట్టింది, అంతే తేడా.

అప్పుడే ఎర్ర దీపం ఆరిపోయింది. పైన ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. గోడగడియారంలో సరిగ్గా రెండు.

"బొగ్గు సమ్మె పుణ్యమండీ, రోజూ రెండు నుంచి నాలుగు దాకా కోత" అన్నాడు రామ్మోహనరావు విసుగ్గా.

"ఫ్యాను ఆగలేదే?"

"ఇన్వర్టరుకి ఫ్యాన్లూ లైట్లే కలిపించామండి. ప్లగ్గులకి..." అని మధ్యలో ఆగాడు. ఆగి ఆవిడ కళ్ళలోకి చూశాడు. ఆవిడ చప్పున చూపు తిప్పుకుంది.

"బుధవారం పండగ కదండీ, కోత లేదనుకుంటాను" అన్నాడు, అడక్కుండానే.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది! మెట్లు దిగుతూ నోటీసు బోర్డు చూసింది. "పండగ రోజుల్లో కూడా మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు కోత తప్పదు. సహకరించగలరు." కింద అధ్యక్షుడి సంతకం. రామ్మోహనరావుదే. ఈ బోర్డు ముందు నుంచి ఆవిడ గురువారం రెండుసార్లు, శుక్రవారం రెండుసార్లు నడిచింది. మన వైపు పెద్దమనిషి చెప్పాడు కదా అని ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

స్టేషన్‌కి చేరేసరికి మూడు కావడానికి ఐదు నిమిషాలుంది. ఎస్సై చంద్రయ్య రిమాండ్ కాగితాల మీద ముద్రలు వేస్తున్నాడు. నల్గొండ మనిషి, సాయిలుదీ అదే ఊరు. నెల్లాళ్ళుగా సమ్మె బందోబస్తులతో నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఎదురుగా ఊచల వెనక సాయిలు గోడకానుకుని కూర్చున్నాడు.

"రండి మేడం, రండి. రిమాండ్ రిపోర్టుల సగం మీ మాటలే."

"ఆ రిపోర్టు తప్పు చంద్రయ్యగారూ. వెనక్కి తీసుకుంటున్నాను."

చంద్రయ్య ముద్ర పక్కన పెట్టి నవ్వాడు. ఆ నవ్వులో సరదా లేదు. "గదేమన్న కరెంటు బిల్లా మేడం, సవరించి ఇయ్యనీకె? నిన్న పొద్దుగాల నేనేమన్న? ఇంకోసారి చూడండ్రి, సాయిలు గసొంటోడు కాడు అన్ననా లేదా?"

"అన్నారు."

"మీరేమన్నరు? చెప్పండ్రి, మావోళ్ళు గూడ ఇంటరు."

ఇద్దరు కానిస్టేబుళ్ళు తలలెత్తారు. కనకలక్ష్మి వాళ్ళ ముందే చెప్పింది. "మీ వాళ్ళని మీరు వెనకేసుకొస్తే పై అధికారులకి రాస్తాను అన్నాను."

"అన్నరు. అని, సాయంత్రానికి పై నుంచి ఫోను గూడ చేయించిండ్రు మీ ప్రెసిడెంటు సారు. ఇగ నేనేం చేయాలె? లోపలేసిన. నా ఊరోణ్ణి నేనే లోపలేసిన. ఇప్పుడొచ్చి తప్పు అంటే అయిపాయెనా?"

"అయిపోదు. తప్పు నాదే, ముందు వినండి. మూడు సంగతులున్నాయి." ఆవిడ నిలబడే చెప్పింది. వార్నిష్ సంగతి చెప్పింది. బుల్లిబాబు ఫోను సంగతి చెప్పింది. కరెంటు కోత దగ్గరికి వచ్చేసరికి చంద్రయ్య కుర్చీలో ముందుకి జరిగాడు.

"అంటే కరెంటు లేనప్పుడు గిటారు సప్పుడు ఇన్నడా పెద్దమనిషి?"

"విన్నానని రెండుసార్లు చెప్పాడు. మూల మీద నెత్తురు తుడిచి ఉంది. అల్లుడు గిటారు అమ్మనన్నాడు, ఈయన పరువు పోయిందని రగిలిపోతున్నాడు. మాటా మాటా పెరిగి నెట్టాడు. తర్వాత దొంగతనం కథ కట్టాడు. కాగితం ఇవ్వండి, రాసిస్తాను."

"మళ్ళ తప్పైతే?"

"ఈసారి కాదు."

చంద్రయ్య తెల్లకాగితం ముందుకి తోశాడు. ఆవిడ చకచకా రాసింది. రామ్మోహనరావు పేరు రాసి, నెట్టాడు అని రాసి, కింద సంతకం పెట్టబోతుంటే ఊచల వెనక నుంచి గొంతు వినిపించింది.

"తప్పు రాయకు తల్లీ."

ఇద్దరూ తల తిప్పారు. సాయిలు లేచి నిలబడ్డాడు.

"పెద్దసారు బుధవారం నాడు ఇంట్లనే లేడమ్మా. కారు కడిగి బొట్లు పెట్టిచ్చుకొని రెండుంబావుకు బయటికి పోయిండు. గేటు తీసింది నేనే. ఐదుంపదికొచ్చిండు. మళ్ళ గేటు తీసింది నేనే. ఆయన నెట్టలే."

"ఈ ముక్క నిన్న చెప్పొద్దూ!" అని అరిచింది కనకలక్ష్మి.

"నువ్వు అడగలే గదమ్మా." నిష్ఠూరం లేకుండా అన్నాడు. "రెండు గంటలు కూసోబెట్టి గిటారు ఎక్కడిది, ఎట్లొచ్చింది, ఎవరికి అమ్ముతున్నవ్ అనే అడిగినవ్. గేటు కాడ ఎవరొచ్చిండ్రు, ఎవరు పోయిండ్రు, ఏం జూసినవ్ అని నన్నెవరడిగిండ్రు?"

 ఆ అపార్టుమెంటులో కళ్ళు తెరిచి కూర్చున్న సాక్షి ఒక్కడే. దొంగ అని ముందే తేల్చుకుంది కాబట్టి సాక్షి అన్న ఆలోచనే రాలేదు. ఎంత చదివి ఏం లాభం!

"ఇప్పుడు అడుగుతున్నాను సాయిలూ. ఎవరు నెట్టారు?"

సాయిలు తల అడ్డంగా ఊపాడు. చంద్రయ్య లేచి ఊచల దగ్గరికి వెళ్ళాడు. "చెప్పు సాయిలూ. నాలుగింటికి నిన్ను తోల్కపోవాలె. నాకు గూడ ఇష్టం లేదు."

"సారూ, ఆమె కడుపుతోని ఉన్నది."



"మూడు గొట్టంగ నేను పైన మెట్ల కాడుంటే రసజ్ఞమ్మ ఏడ్సుకుంట దిగొచ్చింది" అన్నాడు సాయిలు నేల చూస్తూ. "ఏమైందమ్మా అంటే, సాయిలన్నా, గిటారు అమ్మనంటున్నడు, కోపమొచ్చి నెట్టేసి వచ్చిన, ఇగ మాట్లాడ అన్నది. వాళ్ళ నాయినింట్లకు పోయి తలుపేసుకున్నది. ఆలుమగల పంచాయితీ, మనమెందుకని ఊకున్న. సారు పడ్డడని ఆమెకు గూడ తెల్వదు. ఎనక్కి జూడకుండ వచ్చింది. పెద్దసారు వచ్చి పైకి పోయినంక తెలిసింది."

"రామ్మోహనరావుకి నువ్వు చెప్పావా?"

"చెప్పిన. పెద్దసారుకొక్కనికే చెప్పిన. గిట్ల బిడ్డ నెట్టిందట, ఆమెకు తెల్వనియ్యకుండ్రి, కడుపుతోని బెంగ పెట్టుకుంటది అన్న. ఆయన నా చెయ్యి పట్టుకొని ఏడ్సిండు. ఎవరికి చెప్పకు సాయిలూ అన్నడు. చెప్పనన్న. గందుకే చెప్పలే."

కనకలక్ష్మికి అంతా తేటతెల్లమైంది. దొంగ కథ పోలీసుల కోసం కట్టింది కాదు. తన మొగుణ్ణి తనే నెట్టి పడేశానని ఆ పిల్లకు తెలియకూడదని తండ్రి కట్టిన కథ. కట్టినవాడు కట్టినట్టు ఊరుకోకుండా, నిజం తెలిసిన ఒకే ఒక్క మనిషిని దొంగని చేశాడు. దొంగ చెప్పింది ఎవరు నమ్ముతారు? పట్టుకున్న చేతినే విరిచాడు. దానికి ముద్ర వేసి ఇవ్వడానికి ఒక డిటెక్టివ్ కావాలి కదా. ఆవిడ దొరికింది.

రాసిన కాగితాన్ని ఆవిడ నాలుగు ముక్కలు చేసింది. అరగంటలో మరో తప్పుడు కాగితం మీద సంతకం పెట్టబోయింది. ఆపింది, ఆవిడ లోపల వేయించిన మనిషి. నోరు మూసుకుని ఉంటే తను బయటపడేవాడే!

"ఇప్పుడేం చేద్దాం మేడం?" చంద్రయ్య గొంతులో ఎకసెక్కం పోయింది. "ఈయన మాట ఒక్కటే అయితే మేజిస్ట్రేటు నమ్మడు. రవికిరణ్ సారు నోరు ఇప్పాలె. ఆయనకేమో తెలివి లేకపాయె."

మూడూ ఇరవై ఐదు. కనకలక్ష్మి ఫోను తీసి రసజ్ఞ నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. ఊచల వెనక నుంచి సాయిలు రెండు చేతులూ జోడించాడు. ఆమెకు చెప్పొద్దని. ఆవిడ తలూపింది.

"హలో, కనకలక్ష్మిగారా? మీకే చేద్దామనుకుంటున్నానండీ!" రసజ్ఞ గొంతు సంతోషంతో పొంగిపోతోంది. "ఆయనకి తెలివొచ్చిందండీ. పొద్దున పదకొండింటికే కళ్ళు తెరిచారు. మాట కూడా బాగానే వస్తోంది. నాన్నగారు మీకు చెప్పలేదా?"

చంద్రయ్య ఫోను మీదకి వంగాడు. రెండు కాకముందు అల్లుడి ఫ్లాటులో నిలబడి, అలాగే ఉన్నాడు అన్నాడు కదా ఆ పెద్దమనిషి!

"చెప్పలేదమ్మా. రవికిరణ్ ఏమైనా చెప్పాడా, దెబ్బ ఎలా తగిలిందో?"

"ఎవరూ కొట్టలేదట అండీ! వైరు కాలికి తగులుకుని వెనక్కి పడ్డానన్నారు. అనవసరంగా దొంగా దొంగా అని హడావిడి పడ్డాం. పోలీసులకి చెప్పేశాను, కేసు తీసేస్తారు అని నాన్నగారన్నారు. ఇక్కడ బందులూ గొడవలూ ఎందుకని విజయవాడ తీసుకెళ్ళిపోతున్నామండీ. అంబులెన్స్ వచ్చేసింది, ఆయన్ని ఎక్కిస్తున్నారు."

చంద్రయ్య గుమ్మంలోకి పోయి చేత్తోనే సైగ చేశాడు. బయట జీపు స్టార్టయిన చప్పుడు.

"సాయిలన్న ఊరి నుంచి ఎప్పుడొస్తాడో మీకేమైనా తెలుసా అండీ?" అంది రసజ్ఞ. "పండక్కి వెళ్ళాడని నాన్నగారు చెప్పారు. గిటారు సాయిలన్న దగ్గరే ఉందట. ఆయన లేచిన దగ్గర్నుంచీ అదే అడుగుతున్నారు."

ఏదో ఒక అబద్ధం చెప్పి అంబులెన్స్ ఆపించవచ్చు. కనకలక్ష్మికి రెండు మూడు అబద్ధాలు నోటిదాకా వచ్చాయి కూడా. ఆ వృత్తిలో అవి కొదవా? మింగేసింది.

"సాయిలు ఊరెళ్ళలేదమ్మా. నా ఎదురుగా లాకప్పులో ఉన్నాడు. నీ భర్తని కొట్టి గిటారు ఎత్తుకెళ్ళాడని నిన్న సాయంత్రం నుంచి ఇక్కడే పెట్టారు. ఇంకో అరగంటలో జైలుకి పంపిస్తారు. పెట్టించింది నేనే. నేను రాసిచ్చిందంతా తప్పు."

 రసజ్ఞ గొంతు ఫోనుకు దూరంగా వినిపించింది. "నాన్నా, సాయిలన్న లాకప్పులో ఉన్నాడట! నీకు తెలుసా?" రామ్మోహనరావు ఏదో గొణిగాడు. "నీకు తెలుసా, తెలియదా? అది చెప్పు!" అని అరిచింది ఆ పిల్ల. "డ్రైవర్ గారూ, బండి కదిపారంటే ఊరుకోను! ఆయన్ని దింపండి!" ఏదో పెనుగులాట, ఎవరిదో కేక. ఫోను తెగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్.

"ఏడు నిమిషాల్ల అక్కడుంటం. మేజిస్ట్రేటుకు ఫోన్ చేసి ఆలస్యమైతదని చెప్పండ్రి" అని రైటరుకు కేకేసి చంద్రయ్య టోపీ పెట్టుకున్నాడు. "మేడం, మీరు గూడ రావాలె. తప్పు రాసిన అని మేజిస్ట్రేటు ముంగట చెప్పాలె."

"చెప్తాను." ఆవిడ లేచింది. వెళ్ళే ముందు ఊచల దగ్గర ఆగింది. క్షమించమని అడగాలి. ఎలా అడగాలో తెలియలేదు. యాభై రెండేళ్ళ మనిషి, రోజుకి పదిమంది గుట్టు రట్టు చేసే మనిషి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

సాయిలే ముందు మాట్లాడాడు. మొహమంతా చిన్నబోయి ఉంది.

"అమ్మా, గా గీతలకే ధర అని ఇందాక నువ్వు ఎస్సై సారుతో చెప్తుంటే ఇన్న. నాకు తెల్వదమ్మా. మంచిగ చేద్దామనుకున్న, ఖరాబ్ చేసిన. రవికిరణ్ సారుకు గా సంగతి నువ్వే చెప్తవా? నాకు మొకం చెల్లుతలేదు."

కనకలక్ష్మికి అప్పుడు ఏడుపొచ్చింది.